ఒకే ఫోటో – ఇద్దరు డాక్టర్లు

మన కంటి లోపల, వెనుక భాగంలో రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. మనం చూసే వస్తువుల ప్రతిబింబం పడేది దీనిమీదే. చక్కెర వ్యాధి ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఈ పొరలోని సన్నని రక్తనాళాలు బలహీనపడి, అక్కడక్కడ చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి. కొన్ని చిట్లుతాయి. విచిత్రమేమంటే, ఇంత జరుగుతున్నా మొదట్లో రోగికి నొప్పి ఉండదు, చూపూ బాగానే ఉంటుంది! ఆ దశలోనే కనిపెట్టి, అవసరమైనప్పుడు లేజర్ చికిత్సో, కంటిలోకి ఇంజెక్షనో ఇస్తే చాలామందికి చూపు నిలుస్తుంది. అందుకే రెటీనాకు ఫోటో తీసి పరీక్షిస్తారు.

మరి ఒకే ఫోటోను ఇద్దరు డాక్టర్లకు చూపిస్తే ఇద్దరూ ఒకే మాట చెబుతారా? చాలాసార్లు చెబుతారు, కాని అన్నిసార్లూ కాదు. ఆ బుడిపె ఫోటోలో సూదిమొనంత ఎర్రచుక్కగా కనిపిస్తుంది. ఒకరి కంటికి ఆనిన చుక్క మరొకరికి ఆనకపోవచ్చు. కెమెరా అద్దంమీది దుమ్ము కూడా మచ్చలాగే మోసం చేస్తుంది. పైగా వ్యాధి మెల్లమెల్లగా ముదురుతుంది. దాన్ని దశలుగా విడదీసి మధ్యలో గీతలు గీసింది మనమే. గీత దగ్గరున్న ఫోటోపై తగవు రాక మానదు. 1968లో అమెరికాలోని ఎయిర్లీ హౌస్‌లో నిపుణులు సమావేశమై, పోల్చి చూసుకోవడానికి కొన్ని ప్రమాణ ఫోటోలను నిర్ణయించింది ఇందుకే.

ఇద్దరి మాట ఎంత కలిసిందో కొలవడం ఎలా? ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 100 ఫోటోల్లో ఇద్దరూ చెరి 20 కళ్లకు జబ్బుందని, 80 బాగున్నాయని అన్నారనుకోండి. 84 ఫోటోలలో ఇద్దరి మాటా కలిసింది. భేష్ అనిపిస్తుంది కదూ! అయితే ఫోటోలు చూడకుండా చీట్లు తీసి ఇదే లెక్కన చెప్పినా, ‘బాగుంది’ అన్నవి సుమారు 64, ‘జబ్బు’ అన్నవి 4, మొత్తం 68 కలుస్తాయి. (80లో నూటికి 80 వంతులు 64, 20లో నూటికి 20 వంతులు 4.) ఆ 68 ఊరికే వచ్చినవే. మిగిలిన 32లో నిజంగా సంపాదించినవి 16, అంటే సగం. ఈ 0.5నే ‘కప్పా’ అంటారు. దీన్ని 1960లో జాకబ్ కోహెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. పూర్తిగా ఏకీభవిస్తే కప్పా 1, చీట్లతో సమానమైతే సున్న.

2016లో గూగుల్ శాస్త్రజ్ఞులు కంప్యూటరుకు ఈ ఫోటోలు చదవడం నేర్పినప్పుడు లక్షా ఇరవై ఎనిమిది వేల పైచిలుకు ఫోటోలు వాడారు. వాటిలో మన దేశపు కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. ఒక్కో ఫోటోను 3 నుంచి 7 మంది డాక్టర్లు చూశారు. ఎక్కువమంది మాటే ఖాయం. కాని 2018లో వెలువడిన మరో పరిశోధనలో ముగ్గురు రెటీనా నిపుణులు అభిప్రాయం కుదిరేదాకా ఫోటోలను చర్చించారు. అప్పుడు బయటపడిందేమిటంటే, ఎక్కువమంది ఓటు తప్పిన చోట్ల తరచుగా జారిపోయింది ఆ సూదిమొనంత ఎర్రచుక్కే!