రెండు కేబుల్స్ ఉన్నా నెట్‌వర్క్ ఎందుకు పడిపోతుంది? లింక్ అగ్రిగేషన్ గురించి సింపుల్‌గా

మీ ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయి. కానీ రెండూ ఒకే టవర్ మీద ఆధారపడితే? ఆ టవర్‌కి కరెంట్ పోగానే రెండూ పోతాయి. స్విచ్‌లతో నాకు ఇదే అనుభవమైంది.

నెల్లూరు తీరంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌కి నెట్‌వర్క్ సెటప్ చేశాను. ఆఫీస్ స్విచ్ నుంచి కోల్డ్ స్టోరేజ్ స్విచ్‌కి రెండు ఫైబర్ లైన్లు వేసి, లింక్ అగ్రిగేషన్ ఆన్ చేశాను.

అసలు ఇదేంటి?

రెండు స్విచ్‌ల మధ్య మామూలుగా రెండు కేబుల్స్ పెడితే లూప్ వస్తుంది. అది రాకుండా స్పానింగ్ ట్రీ ఒకదాన్ని బ్లాక్ చేసేస్తుంది. లింక్ అగ్రిగేషన్‌లో మాత్రం రెండూ కలిసి ఒకే లింక్‌లా పనిచేస్తాయి. 2000లో 802.3ఏడీ పేరుతో వచ్చిన ఈ స్టాండర్డ్, 2008లో 802.1ఏఎక్స్‌గా మారింది.

స్పీడ్ డబుల్ అవుతుందా?

ఒక్క ఫైల్ కాపీకి అవ్వదు. టోల్‌గేట్‌లో రెండు లేన్లు ఉన్నా, ఒక లారీ ఒక లేన్‌లోనే వెళ్తుంది కదా! లారీలు ఎక్కువగా ఉన్నప్పుడే లాభం.

లింక్ పోయిందని ఎలా తెలుస్తుంది?

కేబుల్ తెగితే పోర్ట్ డౌన్ అయి వెంటనే తెలుస్తుంది. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉంటే, అవతల తెగినా ఇవతల లైట్ వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు ఎల్‌ఏసీపీ మెసేజ్‌లే దిక్కు. స్లో మోడ్‌లో 90 సెకన్లు, ఫాస్ట్‌లో 3 సెకన్లు మెసేజ్ రాకపోతే ఆ లింక్‌ని పక్కన పెడుతుంది. రెండు వైపులా ఫాస్ట్ పెట్టుకోండి.

నేను ఎక్కడ తప్పు చేశాను?

రెండు ఫైబర్లనీ ఒకే పైపులో వేయించాను. వానాకాలంలో కాలువ తీస్తున్న జేసీబీ ఆ పైపునే లేపేసింది. టెంపరేచర్ రీడింగులు ఆగిపోయాయి. లోపల సరుకంతా ఎక్స్‌పోర్ట్‌ది. రాత్రంతా కుర్రాళ్లు అరగంటకోసారి లోపలికెళ్లి, మీటర్ చూసి నోట్‌బుక్‌లో రాశారు. "ఏం అబ్బయ్యా, రెండు లైన్లు ఉండాయన్నావే?" అని మేనేజర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

2021 నవంబర్ పెన్నా వరదలు గుర్తున్నాయా? పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. దారులు రెండున్నా, వరద ఒక్కటే.

మరి ఏం చేయాలి?

రెండో ఫైబర్‌ని ఇంకో గోడ వైపు నుంచి తిప్పి వేశాం. ఆఫీస్ వైపు రెండు స్విచ్‌లు పెట్టి, ఒక్కో ఫైబర్‌ని ఒక్కోదానికి ఇచ్చాం. మామూలు లింక్ అగ్రిగేషన్ ఇలా రెండు వేర్వేరు స్విచ్‌లకి పనిచేయదు. స్టాకింగ్ గానీ ఎమ్‌లాగ్ గానీ కావాలి. ఎమ్‌లాగ్ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, అందుకే ఆ రెండూ ఒకే కంపెనీవి తీసుకోండి. యూపీఎస్‌లు కూడా వేర్వేరుగా ఉండాలి.

చివరగా ఒక టెస్ట్. పింగ్ నడుస్తుండగా ఒక కేబుల్ పీకండి. తర్వాత ఒక స్విచ్ పవర్ ఆపండి. రెండుసార్లూ కాస్త తడబడి మళ్లీ వస్తేనే, "ఒకటి పోయినా ఇంకోటి ఉంది" అని ఓనర్‌కి చెప్పండి. నేను టెస్ట్ చేయకుండానే చెప్పేశాను.