తాబేలు పిల్లకు ఆతిథ్యం

అతిథిని దైవంగా భావించడం మన సంప్రదాయం. అయితే ఆతిథ్యమంటే ఇంట్లో ఉన్నదంతా తెచ్చి విస్తరిలో వడ్డించడం కాదు. వచ్చినవారి ఆకలి ఎంతటిదో, వారికి ఏది పథ్యమో, ఏది అపథ్యమో తెలుసుకొని పెట్టడమే నిజమైన ఆతిథ్యం. అతిథి నోరులేని జీవి అయినప్పుడు ఈ వివేకం మరింత అవసరం. అటువంటి అతిథులలో తాబేలు పిల్ల ఒకటి.

తెలుగువారికి తాబేలు పరాయి ప్రాణి కాదు. క్షీరసాగర మథన సమయంలో మందరగిరి మునిగిపోకుండా శ్రీమహావిష్ణువు కూర్మరూపం దాల్చి వీపున మోసిన వృత్తాంతం భాగవతం అష్టమ స్కంధంలో ఉంది. ఇంద్రియ నిగ్రహాన్ని బోధించే సందర్భంలో భగవద్గీత అవయవాలను ముడుచుకొనే తాబేలునే ఉపమానంగా స్వీకరించింది. శ్రీకాకుళం సమీపంలోని శ్రీకూర్మంలో స్వామి కూర్మనాథుడుగా పూజలందుకుంటున్నాడు. ఇంతటి గౌరవం పొందిన ప్రాణి జీవన విధానం మాత్రం చాలామందికి తెలియదు. ఆ తెలియకపోవడమే కొన్ని సందర్భాలలో దాని ప్రాణం తీస్తుంది.

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున వెలసిన కోనసీమను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఇక్కడ సముద్ర తీరంలో ఒక జాతి తాబేలు, కాలువలలోను చెరువులలోను మరొక జాతి తాబేలు నివసిస్తాయి. మెట్ట ప్రాంతాల నుంచి మనుషులు తెచ్చేది మూడవది. ఈ మూడింటిని గుర్తించడానికి వాటి కాళ్లను చూస్తే చాలు. సముద్రపు తాబేలు కాళ్లు తెడ్లవలె ఉంటాయి. కాలువ తాబేలు వేళ్ల మధ్య పలుచని చర్మం ఉంటుంది. మెట్ట తాబేలు కాళ్లు ఏనుగు పాదాలవలె గుండ్రంగా, మోటుగా ఉంటాయి. మెట్ట తాబేలును లోతు నీటిలో వదిలితే మునిగిపోతుంది. సముద్రపు తాబేలును మంచినీటి చెరువులో వదిలితే బతకలేదు. కనుక ఏ జాతిదో తెలియకుండా సహాయానికి పూనుకోకూడదు.

కోనసీమ తీరానికి వచ్చే సముద్రపు తాబేలును ఆలివ్ రిడ్లే అంటారు. ఎదిగిన తాబేలు సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, 35 నుంచి 45 కిలోల బరువు ఉంటుంది. ఒడిశాలోని గహిర్మాత, ఋషికుల్య తీరాలకు ఈ తాబేళ్లు వేల సంఖ్యలో ఒకేసారి వస్తాయి. ఆంధ్ర తీరంలో మాత్రం విడివిడిగా వచ్చి గుడ్లు పెడతాయి. శీతకాలపు చివరి నెలలలో తల్లి రాత్రివేళ ఒడ్డుకు చేరి, వెనుక కాళ్లతో ఇసుకలో గుంత తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, గుంత పూడ్చి, తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గుడ్ల వైపు చూడదు. వాటిని పొదిగేది ఇసుకలోని వెచ్చదనమే. ఆ వేడి హెచ్చుగా ఉంటే ఆడపిల్లలు, తక్కువగా ఉంటే మగపిల్లలు అధికంగా పుడతాయి.

45 నుంచి 60 రోజులలో గుడ్లు పగిలి పిల్లలు బయటికి వస్తాయి. ఒక్కొక్క పిల్ల అరచేతిలో ఇమిడేటంత చిన్నది. ఇసుక పైపొర చల్లబడిన రాత్రివేళ అవన్నీ కలిసి పైకి వచ్చి, వెలుగు ఉన్న దిక్కుకు నడుస్తాయి. చీకటి రాత్రిలో తీరాన అన్నిటికంటే వెలుగుగా కనిపించేది సముద్రం మీది ఆకాశమే కాబట్టి, ఆ స్వభావం వాటిని సరైన దారిలో నడిపిస్తుంది. నీటిని చేరిన తరువాత సుమారు ఒక రోజంతా విరామం లేకుండా ఈదుతూ లోతు నీటికి వెళ్లిపోతాయి. ఇందుకు కావలసిన శక్తిని ప్రకృతి ముందుగానే సమకూర్చింది. గుడ్డులోని పచ్చసొనలో మిగిలిన భాగం పిల్ల కడుపులో నిలవ ఉంటుంది. పుట్టిన తొలి రోజులలో అదే దానికి దారిబత్తెం.

మనిషి జాలి పొరపాటు చేసేది ఇక్కడే. ఒడ్డున వీధిదీపమో, హోటలు దీపమో వెలుగుతుంటే పిల్ల దానినే సముద్రమని భ్రమించి ఊరివైపు నడుస్తుంది. తెల్లవారి దానిని చూసిన వారెవరో జాలిపడి ఇంటికి తెచ్చి, బేసినులో నీరు పోసి వదులుతారు. అన్నం మెతుకులు వేస్తారు. పిల్ల వాటిని ముట్టదు. గిన్నె అంచులను కొట్టుకుంటూ ఆగకుండా ఈదుతుంది. చూసినవారికి అది ఆటలా కనిపిస్తుంది. నిజానికి నడిసముద్రం చేరడానికి దాచుకొన్న బలాన్ని అది ఆ గిన్నెలోనే ఖర్చు చేసుకుంటోంది. ఆ తరువాత సముద్రంలో వదిలినా అలలను దాటే శక్తి దానికి మిగలదు.

అందుచేత సముద్రపు తాబేలు పిల్లకు చేయవలసిన ఉపచారం పెట్టడం కాదు, దారి విడవడం. తీరంలో దీపాలు ఆర్పాలి. టార్చిలైటు వేయకూడదు, ఫోటోల కోసం చుట్టూ మూగకూడదు. కుక్కలను, కాకులను దూరంగా ఉంచాలి. పగటివేళ దారి తప్పిన పిల్ల కనిపిస్తే నీటిలో వేయక, తడి ఇసుక పరచిన పాత్రలో నీడపట్టున ఉంచి అటవీశాఖ సిబ్బందికి తెలియజేయాలి. చీకటి పడిన తరువాత వారు దానిని తీరాన విడిచిపెడతారు. అప్పుడు కూడా అది ఇసుక మీద నడిచే నీటిని చేరాలి.

పిల్లను ఆదరించదలచినవారు తల్లిని కూడా తలచుకోవాలి. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది. మరపడవల వలలో చిక్కి పైకి రాలేకపోతే నీటిలోనే ఊపిరాడక మరణిస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో కోనసీమ తీరానికి తాబేళ్ల కళేబరాలు కొట్టుకొని రావడానికి ఇది ముఖ్య కారణం. వలకు తాబేలు తప్పించుకొనే మార్గాన్ని అమర్చే సాధనాలు ఉన్నాయి. వాటిని వాడడమే తల్లికీ, పుట్టబోయే పిల్లలకూ రక్ష.

కాలువ తాబేలు సంగతి వేరు. దాని అడుగు డిప్పకు మూతలవంటి చర్మపు మడతలు ఉంటాయి. వెనుక కాళ్లను లోపలికి ముడుచుకొన్నప్పుడు ఆ మడతలు వాటిని కప్పివేస్తాయి. నత్తలు, కప్పలు, చేపలు, నీటిమొక్కలు దాని ఆహారం. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఇది బురదలో దాగి వానకోసం వేచి ఉంటుంది. చేను దున్నేటప్పుడు దాని పిల్ల బయటపడితే దగ్గరలోని తడి గట్టున విడవడమే మేలు. దానికి అన్నమూ వద్దు, అద్దాల తొట్టీ వద్దు.

వీపుపై పసుపు చారలతో చుక్కల ముగ్గులా కనిపించే నక్షత్ర తాబేలు మెట్ట ప్రాణి. రాయలసీమ పొదలలో ఇది సహజంగా జీవిస్తుంది. అందమే దానికి శత్రువైంది. ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న మూఢనమ్మకంతో దొంగచాటుగా కొనేవారు, అమ్మేవారు ఉన్నారు. 2019లో దీని అంతర్జాతీయ వ్యాపారంపై నిషేధం విధించబడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ద్వారా ఇది మొదటి షెడ్యూలులో చేరింది. ఆలివ్ రిడ్లే, కాలువ తాబేలు కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. వీటిని ఇంట్లో పెంచడం నేరం.

ఇలా అక్రమంగా తరలిస్తుండగా పట్టుబడిన పిల్లలు సంరక్షకుల వద్దకు చేరినప్పుడు వెంటనే మేత ముట్టవు. అది మొండితనం కాదు. తాబేలు తన దేహానికి కావలసిన వేడిని పరిసరాల నుంచే గ్రహిస్తుంది. ఒళ్లు వెచ్చబడనిదే తిన్నది అరగదు. భయం తీరనిదే తల బయటపెట్టదు. కనుక ముందుగా కావలసినది ఎండా నీడా రెండూ ఉన్న చోటు, దాగడానికి చిన్న మరుగు, పలుచని పళ్లెంలో నీరు. మాటిమాటికీ చేతిలోకి తీసుకోకూడదు. ఎండ సోకి అది తిరుగాడడం మొదలుపెట్టిన తరువాత గరిక, లేత ఆకులు, పువ్వులు కొద్దిగా ముందుంచాలి. పాలు, రొట్టె, అన్నం దాని ఆహారం కావు. ఎండ, సున్నపు పోషకం కొరవడితే డిప్ప మెత్తబడి వంకర తిరుగుతుంది. తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాబేళ్ల వల్ల కొన్ని రోగక్రిములు మనిషికి సోకుతాయి.

ఒకదానికి చీకటి, ఒకదానికి బురద, ఒకదానికి ఎండ. ముగ్గురు అతిథులు కోరేవి మూడు విధాలు. వారిలో ఎవరూ మన ఇంటి భోజనం కోరలేదు. జాలి గొప్ప గుణమే. కాని జ్ఞానం తోడుగా లేని జాలి, బేసినులోని పిల్లకు చేసినట్లే, మేలు తలచి కీడు చేస్తుంది. ఎదుటి ప్రాణి అవసరాన్ని తెలుసుకొని, తన ముచ్చటను పక్కన పెట్టి, దాని దారిని దానికి విడిచినవాడే నిజమైన గృహస్థు.

ప్రశ్నలు
1. తాబేలు జాతులను కాళ్లను బట్టి ఎలా గుర్తించవచ్చు?
2. ‘దారిబత్తెం’ అన్న మాటను రచనలో ఏ అర్థంలో వాడారు?
3. సముద్రపు తాబేలు పిల్లను ఇంటికి తెచ్చి బేసినులో ఉంచడం ఎందుకు హానికరం?
4. ‘జ్ఞానం తోడుగా లేని జాలి కీడు చేస్తుంది’ – ఈ భావాన్ని పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.