గేటు దగ్గర కుర్చీ: సుఖమైన కొలువేనా?

తణుకులో రైస్ మిల్లు గేటు, హైవే పక్క షోరూము, ఏటీఎం, అపార్టుమెంటు... ఎక్కడ చూసినా సెక్యూరిటీ గార్డు యూనిఫాంలో ఒక పెద్దాయన కనిపిస్తారు. ఆయన ఉద్యోగం గురించి మనకున్న అభిప్రాయాల్లో చాలావరకు తప్పే.

అపోహ: కూర్చుని జీతం తీసుకునేవాళ్లకి ఒత్తిడేమిటండీ?

వాస్తవం: పన్నెండు గంటల డ్యూటీ ఆరు రోజులు చేస్తే వారానికి 72 గంటలు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. పోల్చింది 35–40 గంటలు పనిచేసేవారితో. మన గార్డు ఐదో రోజుకే ఆ 55 గంటలు దాటేస్తాడు.

ఏమీ జరగని రాత్రి కూడా తేలిక కాదు. సెల్లార్‌లో బండి పోయినా, కారు మీద గీత పడినా మొదట నిలదీసేది ఆయన్నే. వచ్చినవాళ్లని ఆపితే ఓనరు బంధువు కసురుకుంటాడు, ఆపకపోతే అపార్టుమెంటు అసోసియేషన్ సెక్రటరీ కేకలేస్తాడు. మాట పడే వంతు ఆయనది, నిర్ణయం మాత్రం ఆయన చేతిలో ఉండదు. మనిషిని ఎక్కువగా కుంగదీసేది ఇలాంటి పనే.

అపోహ: పగలు పడుకుంటాడుగా, లెక్క సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. వెలుతురు, ఎండ, ఇంట్లో సందడి మధ్య పగటి నిద్ర ముక్కలవుతుంది. ఏళ్లు గడిచినా చాలామంది శరీరాలు రాత్రిపనికి పూర్తిగా అలవాటు పడవు. షుగర్, బీపీ పెరిగే అవకాశం ఎక్కువ. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చేర్చింది, 2019లో మళ్లీ ధ్రువీకరించింది.

అపోహ: పొద్దున్నే ఓ పెగ్గు వేస్తే బాగా నిద్రపడుతుంది.

వాస్తవం: కునుకు తొందరగా పడుతుంది, మధ్యలోనే తెగిపోతుంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టుకోవడం, డ్యూటీ ఆఖరి గంటల్లో టీ మానేయడం ఇంతకన్నా మేలు.

అపోహ: దోమల కాయిల్ ఉంటే క్యాబిన్‌లో ఇబ్బందేమీ లేదు.

వాస్తవం: కాలవగట్టు ఊళ్లలో దోమల బాధ తెలియనిది కాదు. కానీ తలుపేసిన చిన్న క్యాబిన్‌లో కాయిల్ ప్రమాదం. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళికణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంతని 2003 నాటి ఒక పరిశోధన లెక్కగట్టింది. కిటికీకి మెష్, ఒక ఫ్యాను పెట్టించడం అసోసియేషన్‌కు పెద్ద ఖర్చేమీ కాదు.

అపోహ: గార్డు ఆరోగ్యం ఆయన సొంత వ్యవహారం.

వాస్తవం: ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం ప్రతి గార్డుకూ ఏడాదికోసారి వైద్యపరీక్ష జరిగేలా ఏజెన్సీయే చూడాలి. జీతం 21,000 రూపాయల లోపు ఉండి, సంస్థ ఈఎస్ఐ పరిధిలోకి వస్తే జీతంలో 0.75 శాతం కోతతోనే కుటుంబానికంతా వైద్యం దొరుకుతుంది.

మనసు బాగా కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం. మీ అపార్టుమెంటు ఏజెన్సీతో ఒప్పందం రెన్యువల్ చేసేటప్పుడు రెండు కాగితాలు అడగండి: గార్డు ఈఎస్ఐ నంబరు, ఈ ఏడాది వైద్యపరీక్ష రిపోర్టు.