బరువు చెప్పని నిజం.. నడుము కొలత చెబుతుంది!

ఫొటోలో ఇద్దరు వైద్యులు పక్కపక్కన ఉన్నారు. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఎత్తుకు తగ్గ బరువును తెలిపే బీఎంఐ ఇద్దరికీ 22.3 మాత్రమే. కానీ స్కానింగ్‌ చేస్తే యుడ్‌కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం కొవ్వు ఉన్నట్లు తేలింది. 2004లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించిన ఈ పోలిక, బరువు ఒక్కటే చూసి ఊబకాయాన్ని అంచనా వేయలేమని స్పష్టం చేసింది.

ఐదింటిలో మూడు ఉంటే..

మెటబాలిక్ సిండ్రోమ్ ఒకే జబ్బు కాదు, ఒకదానితో ఒకటి ముడిపడిన సమస్యల సమూహం. నడుము చుట్టుకొలత దక్షిణాసియా పురుషుల్లో 90, మహిళల్లో 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించడం; ట్రైగ్లిజరైడ్లు 150కి చేరడం; మంచి కొలెస్టరాల్ (హెచ్‌డీఎల్) పురుషుల్లో 40, మహిళల్లో 50 కంటే తగ్గడం; రక్తపోటు 130/85కు, పరగడుపు చక్కెర 100కు చేరడం.. ఈ ఐదింటిలో ఏ మూడున్నా మెటబాలిక్ సిండ్రోమ్‌గా పరిగణిస్తారు. దీనివల్ల మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

కొవ్వు ఎక్కడ చేరుతోంది?

మిగిలిన శక్తిని శరీరం ముందుగా చర్మం కింద కొవ్వుగా దాచుకుంటుంది. అక్కడ చోటు చాలనప్పుడు అది పొట్ట లోపలి అవయవాల చుట్టూ, కాలేయంలో పేరుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొవ్వు పేరుకున్న కాలేయం ఇన్సులిన్ మాట వినదు. అవసరం లేకున్నా గ్లూకోజ్‌ను, ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి వదులుతుంది. దాన్ని అదుపు చేయడానికి క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే క్లోమం అలసిపోయి, చక్కెర స్థాయి పెరుగుతుంది.

భారతీయుల్లో ఈ ధోరణి పుట్టుకతోనే కనిపిస్తుందని యాజ్ఞిక్ బృందం గుర్తించింది. పుణే సమీప గ్రామాల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణే శిశువుల్లో కండ బాగా తక్కువగా ఉన్నా, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

టేపు చాలు

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 20 ఏళ్లు దాటినవారిలో బీఎంఐ ప్రకారం ఊబకాయులు 28.6 శాతం. నడుము కొలత ప్రకారం లెక్కిస్తే 39.5 శాతం. అంటే బరువు మాత్రమే చూస్తే ముప్పున్న వారిలో చాలామంది లెక్కలోకి రారు. 'సన్నగానే ఉన్నాను కదా' అనుకుని వారు పరీక్షలకూ వెళ్లరు.

చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా టేపుతో కొలవాలి. ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవారికి నింపే ఆరోగ్య పత్రంలోనూ ఈ కొలత ఉంటుంది. హద్దు దాటితే రక్తపోటు, చక్కెర, కొవ్వుల పరీక్షలు చేయించుకోవడం మేలు. అధిక బరువు ఉన్నవారు అందులో 5 నుంచి 10 శాతం తగ్గించుకున్నా ఈ సమస్యలు చాలావరకు మెరుగుపడతాయి. రోజూ నడక, కండకు బలమిచ్చే వ్యాయామం, పళ్లెంలో అన్నం కాస్త తగ్గించి పప్పు, కూరగాయలు పెంచడం అందుకు తోడ్పడతాయి.