జేబుకు తేలిక, చేతికి భారం

అమెరికాలో ఏ తుపాకుల దుకాణంలోనైనా స్మిత్ అండ్ వెసన్ కంపెనీ రివాల్వర్లు రెంటిని పక్కపక్కన పెట్టి చూపిస్తే కొత్తవాళ్లకు పెద్ద తేడా కనిపించదు. ఒకటి మోడల్ 642, రెండోది మోడల్ 640. రెండూ చిన్నవే. రెండింట్లోనూ పట్టేవి ఐదు తూటాలే. జేబులోంచి తీసేటప్పుడు బట్టకు తగులుకోకుండా హ్యామర్‌ను లోపలే దాచిన తీరూ ఒకటే. చేతిలోకి తీసుకుంటే మాత్రం తేడా తెలుస్తుంది. అల్యూమినియం మిశ్రమలోహపు ఫ్రేమ్ ఉన్న 642 బరువు సుమారు 410 గ్రాములు. పూర్తిగా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన 640 బరువు సుమారు 640 గ్రాములు. కొనేవాళ్ల మనసు తేలికైనదాని వైపే మొగ్గుతుంది. రోజంతా మోయాల్సింది తామే కనుక అది సహజం. కానీ దుకాణంలో తెలిసేది మోసే బరువు ఒక్కటే. కాల్చేటప్పుడు ఆ బరువు ఎంత మేలు చేస్తుందో అక్కడ తెలియదు.

ఈ ఎంపిక అక్కడ కోట్లాది మందికి నిజమైన ప్రశ్న. అర్హతలున్న ప్రతివారికీ ఆయుధాన్ని దాచి వెంట తీసుకెళ్లే లైసెన్సు ఇవ్వాలని ఫ్లోరిడా 1987లో చట్టం చేశాక ఒక్కో రాష్ట్రం అదే దారి పట్టింది. ఆత్మరక్షణ కోసం ఇంటి బయట కూడా చేతి తుపాకీ ఉంచుకునే హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో అందుకు లైసెన్సు కూడా అక్కర్లేదు.

బరువు తగ్గించాలన్న తపన మాత్రం ఈ చట్టాలకంటే పాతది. 1927లో కోల్ట్ కంపెనీ మఫ్టీ పోలీసులను దృష్టిలో పెట్టుకుని డిటెక్టివ్ స్పెషల్ తెచ్చింది. పొట్టి బ్యారెల్, ఆరు తూటాలు, బరువు 600 గ్రాములు. 1950లో స్మిత్ అండ్ వెసన్ ఒక తూటా తగ్గించి, ఇంకా చిన్నదైన చీఫ్స్ స్పెషల్ విడుదల చేసింది. అదే ఏడాది కోల్ట్ అల్యూమినియం ఫ్రేమ్‌తో కోబ్రాను తీసుకొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అమెరికా వైమానిక దళం తన విమాన సిబ్బంది కోసం అంతకన్నా తేలికైనది కావాలంది. దాంతో ఫ్రేమ్‌నే కాక, తూటాలు పేలే సిలిండర్‌ను కూడా అల్యూమినియంతోనే చేశారు. కోల్ట్ ఎయిర్‌క్రూమన్ అలా పుట్టింది. బరువు 310 గ్రాములకు కాస్త ఎక్కువ. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడంతా మోయాల్సింది సిలిండరే. దానికి అల్యూమినియం నిలవలేదు. పీడనం తగ్గించిన ప్రత్యేక తూటాలు తయారు చేయించినా నమ్మకం కుదరలేదు. చివరికి వైమానిక దళం ఆ తుపాకుల్ని వెనక్కి రప్పించి చాలావాటిని నాశనం చేసింది. అందుకే ఇలాంటి తూటాలు పేల్చే నేటి తేలిక రివాల్వర్లలో ఫ్రేమ్ ఏ లోహానిదైనా, సిలిండర్ మాత్రం ఉక్కుదో టైటానియందో అయి ఉంటుంది.

తుపాకీ వెనక్కి ఎందుకు తన్నుతుందో హైస్కూల్లో చదువుకున్న న్యూటన్ సూత్రమే చెబుతుంది. తూటా ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో, తుపాకీ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి వస్తుంది. బరువు తక్కువైతే ఆ వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది. ఒకే రకం .38 స్పెషల్ తూటాను కాలిస్తే, 640 తన్నే శక్తికి 642 తన్నే శక్తి సుమారు ఒకటిన్నర రెట్లు. ఇంతవరకు చాలామంది తట్టుకుంటారు. అసలు కథ మరింత శక్తిమంతమైన మాగ్నమ్ తూటాల దగ్గర మొదలవుతుంది.

1990ల చివర్లో టైటానియం సిలిండర్లు వచ్చాయి. 2001 నాటికి అల్యూమినియంలో కొద్దిగా స్కాండియం కలిపిన ఫ్రేములు వచ్చాయి. ఆ బలం చూసుకుని 340 గ్రాముల లోపు రివాల్వర్‌తో ఏకంగా .357 మాగ్నమ్ కాల్చేలా చేశారు. మోడల్ 340పీడీ అలాంటిదే. ఇందులో మాగ్నమ్ పేలిస్తే అరచేతికి తగిలే దెబ్బ, ఉక్కు 640లో మామూలు .38 కాల్చినప్పటి కంటే ఐదారు రెట్లు ఎక్కువ. ఫ్రేమ్ తట్టుకుంటుంది. మణికట్టు తట్టుకోవాలి కదా! సరదాగా వంద తూటాలు కాల్చే ఆయుధం కాదిది.

నొప్పి ఒక్కటే సమస్య అయితే ఓర్చుకోవచ్చు. తుపాకీ వేగంగా వెనక్కి కదిలినప్పుడు సిలిండర్‌లో ఇంకా పేలకుండా ఉన్న తూటాల తొడుగులు దానితో పాటే వెనక్కి వస్తాయి. వాటి మొనల్లోని సీసపు బుల్లెట్లు మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. బస్సు ఒక్కసారిగా ముందుకు ఉరికితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే, దిశ మాత్రం తారుమారు. అలా రెండు మూడుసార్లు జరిగితే తొడుగులో గట్టిగా బిగించని బుల్లెట్ కొంచెం కొంచెంగా బయటికి జరిగి, సిలిండర్ అంచు దాటి ఫ్రేమ్‌కు అడ్డుపడుతుంది. ఇక సిలిండర్ తిరగదు. ట్రిగ్గర్ లాగితే తప్పకుండా పేలుతుందన్న నమ్మకంతోనే కదా రివాల్వర్‌ను ఎంచుకునేది. ఆ నమ్మకాన్నే అతి తేలికదనం దెబ్బతీస్తోంది. దీంతో సంబంధం లేని మరో జాగ్రత్త కూడా ఉంది: 340పీడీ లాంటివాటి బ్యారెల్ మీద 120 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) కంటే తక్కువ బరువున్న మాగ్నమ్ బుల్లెట్లు వాడొద్దన్న హెచ్చరిక చెక్కి ఉంటుంది. అలంకారం కాదు కనుక కొనేవాళ్లు దాన్ని చదవాలి.

గురి విషయానికొస్తే ట్రిగ్గర్ సంగతీ ఉంది. ఈ చిన్న రివాల్వర్ల ట్రిగ్గర్‌ను చివరిదాకా లాగడానికి దాదాపు ఐదు కిలోల బలం కావాలి. అరకిలో కూడా లేని వస్తువు మీద ఐదు కిలోల బలం పెడితే అది కదలకుండా ఉంటుందా? బరువైన తుపాకీ తన బరువుతోనే ఆ కుదుపును కొంత అణచుకుంటుంది. తేలికైనది మాత్రం వేలితో పాటే పక్కకు జరిగిపోతుంది. చేతికందే దూరంలో ఈ లోపం బయటపడదు. 1963 నవంబర్ 24న డాలస్ పోలీసు కేంద్ర కార్యాలయం నేలమాళిగలో జాక్ రూబీ ఒక్క తూటాతో, అమెరికా అధ్యక్షుడి హత్య కేసులో నిందితుడైన లీ హార్వే ఆస్వాల్డ్‌ను చంపింది అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న కోబ్రాతోనే. అతను ఆస్వాల్డ్ మీద మీదికి వెళ్లి కాల్చాడు. ఏడు గజాల దూరంలో, భయంతో చేతులు వణుకుతూ, చుట్టూ అమాయకులున్నప్పుడు కాల్చాల్సి వస్తే గురి తప్పిన ప్రతి తూటా ఎవరికి తగులుతుందో అన్న బాధ్యత కాల్చినవారిదే.

అంతమాత్రాన బరువైనదే మంచిదని తేల్చేయడం అన్యాయం. వేసవిలో పల్చని చొక్కా, వదులు నిక్కరు వేసుకున్నవాళ్లకు ముప్పావు కిలో ఉక్కును నడుముకు కట్టుకోవడం నరకం. కొన్నాళ్లకు దాన్ని కారులో వదిలేసి వెళ్లడం మొదలుపెడతారు. అమెరికాలో కార్లలోంచి తుపాకులు చోరీ కావడం ఇప్పుడు పెద్ద బెడద. లేదా హ్యాండ్‌బ్యాగులో పడేస్తారు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలోని ఒక వాల్‌మార్ట్ దుకాణంలో తల్లి బ్యాగులోని పిస్టల్‌ను రెండేళ్ల పిల్లాడు తీసి పేల్చడంతో ఆ తల్లి చనిపోయింది. ఒంటి మీద హోల్‌స్టర్‌లో, ట్రిగ్గర్ పూర్తిగా మూసి ఉండే తేలిక తుపాకీ ఉండటం, బరువైనదాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

మన దేశంలో ఈ తర్జనభర్జన ఇంకో రూపంలో జరిగింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మహిళల కోసమంటూ టైటానియం మిశ్రమలోహంతో 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, ధర 1.22 లక్షలు. ఆ ధర, లైసెన్సు దొరకడంలో ఉన్న ఇబ్బందులు చూసి ఇదేం రక్షణ అని విమర్శించినవాళ్లు చాలామంది. ఆ విమర్శ న్యాయమైనదే. ఇంజినీరింగ్ వరకు చూస్తే మాత్రం ఒక తెలివైన నిర్ణయం ఉంది. తుపాకీ తేలికైనా అందులో వాడే .32 తూటా బలం తక్కువ కాబట్టి చేతికి పెద్దగా దెబ్బ తగలదు. 2023లో వచ్చిన 'ప్రబల్' రివాల్వర్ బరువు మళ్లీ 700 గ్రాములకు చేరింది.

అమెరికాలోనూ తేలిక తుపాకీలో బలం తక్కువున్న తూటా వాడే మధ్యేమార్గమే అన్నిటికంటే సమంజసం. జేబులో పెట్టుకోక తప్పనివాళ్లు 410 గ్రాముల అల్యూమినియం తుపాకీ తీసుకుని, అందులో వేగం తక్కువున్న 148 గ్రెయిన్ల వాడ్‌కటర్ తూటాలు వాడితే చేయి నొప్పి లేకుండా సాధన చేయగలరు. నడుముకు పెట్టుకోగలిగినవాళ్లకు ఉక్కుదే మేలు. 340 గ్రాముల మాగ్నమ్ మాత్రం ఎక్కువమందికి తగనిది. అది చేతిని బాధపెడుతుంది. బాధపెట్టేదానితో ఎవరూ నెలనెలా సాధన చేయరు. సాధన లేని తుపాకీ సొంతదారుకే ప్రమాదం.

అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు బరువు గురించి ఆలోచించేముందు వీసా సంగతి చూసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ నిషేధం లేదు. చట్టబద్ధంగా కొనగలిగినవాళ్లకు చాలా షూటింగ్ రేంజీల్లో రివాల్వర్లు అద్దెకు దొరుకుతాయి. ఉక్కుదీ అల్యూమినియందీ రెండూ తీసుకుని, ఒకే రకం తూటాలు ఒక్కోదానితో యాభై కాల్చి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి పది రంధ్రాలు రెండిట్లోనూ దాదాపు ఒకేలా ఉండొచ్చు. చేయి అలిసిపోయాక పడ్డ చివరి పదీ ఎక్కడ పడ్డాయో చూశాకే డబ్బు కట్టాలి.