భీమిలి ప్రయాణం: దండగా, పండగా?

మంజీర ఒడ్డున ఉన్న బీర్కూర్‌కు ఏరు కొత్త కాదు, ఇసుక కొత్త కాదు. సముద్రం మాత్రం దూరం. తెలంగాణకు తీరమే లేదు కాబట్టి, కొండా కడలీ ఒకేచోట చూడాలంటే విశాఖ దారి పట్టాలి. సికింద్రాబాద్ నుంచే దాదాపు 700 కిలోమీటర్లు. వందేభారత్‌లోనూ ఎనిమిది గంటలు దాటుతుంది. ఇంత శ్రమకు విశాఖ దగ్గరి భీమిలి ఫలితం ఇస్తుందా?

కేరళలోని వర్కలలో కొండచరియ అంచునే ఊరుంది, కింద అలలు. భీమిలిలో అలాంటి నిటారు గోడ ఉండదు. ఉన్నదల్లా గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పక్కనే పావురాళ్లకొండ, ఊళ్లో డచ్చివారి పాత సమాధులు. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది.

అసలు విశేషం విశాఖ నుంచి భీమిలికి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక రేణువులకు ఇనుము ఆక్సైడ్ పట్టి ఆ ఎరుపు వచ్చింది. వాననీరు కోసిన లోతైన కాలువల్లో నడుస్తూ గోడను వేలితో తాకితే పొడి రాలుతుంది. అందుకే వాటిపైకి ఎక్కకూడదు. 2025లో ఈ దిబ్బలూ వర్కల కొండచరియలూ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఈత కోసమైతే వద్దు. ఇక్కడి అలలను నమ్మలేం. ఎండాకాలం మధ్యాహ్నాలూ వద్దు.

భీమిలి ఒక్కదాని కోసమే అయితే ఇంత ప్రయాణం ఎక్కువే. తొట్లకొండ బౌద్ధారామం, సింహాచలం కలుపుకొని, నవంబరు-ఫిబ్రవరి నడుమ రెండు మూడు రోజులు పెట్టుకోగలిగితే తప్పక వెళ్లండి.