వార్తల్లో పదం: నాస్

ఇంటిలోని ఫోన్లును కంప్యూటర్లును తమ ఛాయాచిత్రములను, పత్రములను వైఫై రౌటరు ద్వారా ఒక్కచోట భద్రపరచుకొనుటకు వీలుగా, హార్డ్ డిస్కులును చిన్న ప్రాసెసరును తనదైన ఆపరేటింగ్ సిస్టమును గల పెట్టెయే నాస్. 2025 ఏప్రిల్‌లో సినాలజీ సంస్థ తన ప్లస్ శ్రేణి నూతన నాస్ యంత్రములకు తాను ధ్రువీకరించిన డిస్కులే వాడవలెనను నిబంధన తెచ్చి, కొనుగోలుదారుల నిరసన పిమ్మట అక్టోబరులో దానిని సడలించుటతో ఈ పదము వార్తల కెక్కినది. ఆ నిరసన న్యాయమైనదే. ఏలయన పెట్టె ఎంత చవుకగా దొరికినను డిస్కుల వెల దానిని మించిపోవచ్చును.

స్వల్పవ్యయమే ముఖ్యమైనను రెండు డిస్కులు పట్టు పెట్టెనే కొనుట మేలు. 4 టీబీ డిస్కులు రెండింటిని రెయిడ్ 1 పద్ధతిలో జతపరచినచో దక్కునది 4 టీబీయే గాని, ఒకటి చెడినను రెండవది సర్వమును నిలుపును. డిస్కు కొనునపుడు అది సీఎంఆర్ రకమా యని అడుగవలెను. దానికి భిన్నమైన ఎస్ఎంఆర్ రకమున దత్తాంశపు వరుసలు ఇంటిపెంకులవలె ఒకదానిపై నొకటి పరచబడుటచే, క్రొత్త డిస్కును జతచేసినపుడు పునర్నిర్మాణము మిక్కిలి మందగించును.

అయితే పెండ్లి ఫోటోల ఫోల్డరును పొరపాటున తుడిచివేసినచో, రెయిడ్ ఆ తుడుపును సైతము రెండవ డిస్కుపై తత్‌క్షణమే అమలుచేయును. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్టునకు తెరచియుంచిన క్యూనాప్ సంస్థ నాస్ యంత్రములలోని ఫైళ్లకు తాళము వేసినది. కావున బయటినుండి ప్రవేశమును మూసియుంచి, నెలకొకమారు యూఎస్‌బీ డిస్కుపై మరియొక ప్రతి తీసి, దానిని ఒక బంధువు నింట దాచవలెను.